ఆలుగడ్డ నిల్వ: కుప్ప పోయాలా, కోల్డ్ స్టోరేజీకి పంపాలా, మందు కొట్టించాలా, అమ్మేయాలా?

జనవరి చివర్లో జహీరాబాద్ వైపు ఆలుగడ్డ తవ్వకాలు ఊపందుకుంటే రైతుల మధ్య ఏటా ఇదే చర్చ. రేటు పడిపోయింది, ఇప్పుడే బోయిన్‌పల్లి మార్కెట్‌కు తోలాలా, కొన్నాళ్లు ఆపి చూడాలా? ఆపితే ఎక్కడ ఆపాలి? మొలక రాకుండా ఏదో పొగమందు పెడతారట, అది మనకు పనికొస్తుందా? ఇంట్లో వాళ్ల ప్రశ్న చిన్నదే గానీ ఆ కోవలోదే: బస్తా చవకగా వస్తోంది, తెచ్చి పడేస్తే ఎన్నాళ్లుంటుంది?

దీని మీద యూట్యూబ్‌లో దొరికే సలహాల్లో చాలావరకు యూరప్, అమెరికా నుంచి వచ్చినవే. అక్కడ పంట సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేతికొస్తుంది. వెనకాలే చలికాలం. షెడ్డులోకి బయటి చల్లగాలి తోలితే సగం పని అయిపోతుంది. మనది పూర్తిగా ఉల్టా. మైదాన ప్రాంతాల్లో గడ్డ తవ్వేది జనవరి నుంచి మార్చి మధ్య, తవ్వి గట్టు మీద పెట్టేసరికి ఎండలు మొదలు. యూపీ, బెంగాల్, బిహార్, గుజరాత్, పంజాబ్ రైతులకూ ఇదే ఇబ్బంది. దేశంలో ఏటా 5 కోట్ల టన్నులకు పైగా ఆలుగడ్డ పండుతుంది, చైనా తర్వాత మనమే. అందులో ఎక్కువ భాగం రెండు మూడు నెలల వ్యవధిలోనే నేలలోంచి బయటికొస్తుంది, తినేది మాత్రం పన్నెండు నెలలూ. దేశంలోని కోల్డ్ స్టోరేజీల్లో సింహభాగం ఆలుగడ్డ కోసమే కట్టడానికి, అవి యూపీ, బెంగాల్‌లో కిక్కిరిసి ఉండటానికి కారణం ఇదే.

కాబట్టి ఏ పద్ధతి మంచిదని అడిగే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఎన్నాళ్లు ఆపాలి? దేనికోసం ఆపాలి: కూరకా, చిప్స్‌కా, విత్తనానికా? ఈ రెండూ తేలకుండా పద్ధతి ఎంచుకుంటే డబ్బు పెట్టి మరీ గడ్డ పాడుచేసుకున్నట్టే.

మొలక ఒక్కటే నష్టం కాదు

మొలక కంటికి కనబడుతుంది కాబట్టి అందరి దృష్టీ దాని మీదే. నిజానికి కుప్పలో, బస్తాలో ముందు పోయేది నీళ్లు. గడ్డ బరువులో దాదాపు 80 శాతం నీళ్లే. వేడిగా, పొడిగా ఉన్న గాలికి అవి ఆవిరైపోతుంటాయి. బరువు పదో వంతు తగ్గేసరికి గడ్డ మెత్తబడి, ముడతలు పడి, మార్కెట్లో పక్కకు తోసేసే సరుకవుతుంది. రెండోది కుళ్లు. ఒక్క గడ్డ దెబ్బతిని నీరు కారితే చుట్టూ ఉన్న పదింటికి అంటిస్తుంది. మూడోది ఊపిరి: గడ్డ బతికున్న సరుకు, ఆక్సిజన్ తీసుకుని వేడి వదులుతుంది. గాలి ఆడని చోట, ముప్పై డిగ్రీలు దాటిన వేడిలో కుప్ప పోస్తే లోపలి భాగానికి ఊపిరి ఆడక నల్లబడుతుంది. పైకి నున్నగా ఉన్న గడ్డను కోస్తే నడిమధ్య నల్లటి మచ్చ కనబడేది అందుకే. వీటికి తోడు వెలుతురు తగిలితే పచ్చబారడం, దక్కన్ ప్రాంతంలో గడ్డ తొలిచే పురుగు.

ఇక మొలక సంగతి. తవ్విన గడ్డ వెంటనే మొలకెత్తదు. కొన్నాళ్లు నిద్రావస్థలో ఉంటుంది, అప్పుడు ఎంత అనుకూలంగా ఉన్నా కన్ను కదలదు. మన రకాల్లో చాలావాటికి ఇది ఆరు నుంచి ఎనిమిది వారాలు. కుఫ్రీ సింధూరి లాంటి రకాలు ఇంకాస్త ఎక్కువ నిద్రపోతాయి. గడ్డకు గాటు పడినా, నిల్వచేసిన చోట వేడి ఎక్కువైనా నిద్ర తొందరగా చెడుతుంది. నిద్ర తీరాక మొలక వేగాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. నాలుగు డిగ్రీల కింద దాదాపు కదలిక ఉండదు, 18-20 డిగ్రీల దగ్గర మహా జోరుగా పెరుగుతుంది. మొలక వచ్చిందంటే నీళ్లు పోయే వేగం కూడా పెరుగుతుంది, ఎందుకంటే మొలక తొడుగు పలచన, గడ్డ తోలులాగా నీటిని పట్టి ఉంచలేదు.

దీన్నుంచి ఒక లెక్క బయటపడుతుంది. ఫిబ్రవరిలో కొన్న కొత్త గడ్డ వంటింట్లో నెల దాటినా మొలక వేయదు. అదే బుట్టలో సెప్టెంబరులో పోసిన గడ్డ వారం పది రోజులకే కళ్లు తెరుస్తుంది. బుట్టదీ కాదు, మీదీ కాదు తప్పు. ఆ రెండోది కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉండి, నిద్ర ఎప్పుడో తీరి, చలికి మాత్రమే ఆగిన గడ్డ.

తవ్వడానికి ముందే సగం తేలిపోతుంది

ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ భాగం మారదు, అందుకే పోలిక కన్నా ముందు దీన్ని చెప్పడం. నా లెక్కలో నిల్వ నష్టాల్లో పెద్ద వాటా స్టోరేజీలో జరగదు, పొలంలోనే జరిగిపోతుంది. రేటు బాగుందని పచ్చి చెట్టు కింద నుంచి గడ్డ తవ్వితే తోలు ముదరదు. బొటనవేలితో గట్టిగా ఒక్క రుద్దు రుద్ది చూడండి. తోలు ఉల్లిపొరలా లేచి వేలికి అంటుకుంటే ఆ గడ్డ ఆ వారం అమ్మకానికి మాత్రమే, నిల్వకు కాదు.

నిల్వ ఉద్దేశం ఉంటే తవ్వకానికి వారం పది రోజుల ముందు నీళ్లు ఆపేయాలి. పది పదిహేను రోజుల ముందు పైచెట్టు కోసేయాలి. చెట్టు పోయాక నేలలోని గడ్డ తోలు గట్టిపడుతుంది. తవ్వేటప్పుడు నాగలి పోటు, పార దెబ్బ, ట్రాక్టర్ ట్రాలీలోకి ఎత్తు నుంచి విసరడం, బస్తా మీద హమాలీ నిలబడటం... ప్రతి దెబ్బా తర్వాత ఒక కుళ్లు మచ్చ. తవ్విన గడ్డను ఎండలో గంటల తరబడి వదిలేస్తే వేడెక్కుతుంది, వెలుతురుకు పచ్చబారడం కూడా అక్కడే మొదలవుతుంది.

ఆ తర్వాత ఆరబెట్టడం. ఎండలో కాదు, నీడలో. పది పదిహేను రోజులు చెట్టునీడలోనో పాకలోనో తక్కువ ఎత్తు కుప్పగా పోసి వరిగడ్డి కప్పి ఉంచితే గాట్లు మానుతాయి, వాటిపై బెరడు లాంటి పొర కడుతుంది. దీనికి 15-20 డిగ్రీల వేడి, కాస్త తేమ కావాలి. జహీరాబాద్, కోహీర్ వైపు జనవరి రాత్రుల్లో అలాంటి వాతావరణం ఉచితంగానే దొరుకుతుంది. ఈ గడువు తర్వాత ఏరండి: తెగినవి, మెత్తబడినవి, పచ్చబారినవి, బూజు పట్టినవి పక్కకు. ఇది కూలి దండుగ అని చాలామంది వదిలేస్తారు. నేనైతే అన్ని ఖర్చుల్లోకీ దీన్నే చివరిదాకా తగ్గించను.

కుప్ప: నెలా, నెలన్నర మాట

పొలంలో కుప్ప పోయడం పాత పద్ధతి, చవక పద్ధతి. చిన్న గడువుకు చక్కగా పనిచేస్తుంది. నీడ ఉన్న, నీరు నిలవని చోట వరిగడ్డి పరిచి, పది అడుగుల వెడల్పు, మూడు నాలుగు అడుగుల ఎత్తు మించకుండా పోయాలి. పైన జానెడు మందాన గడ్డి. నడుమ చిల్లుల పైపు గానీ, సందులున్న వెదురు గొట్టం గానీ నిలబెడితే లోపలి వేడి పైకి పోతుంది. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ వాళ్లు సూచించే మెరుగుపరచిన కుప్ప కూడా ఈ పైపు పద్ధతే. అక్కడక్కడా గుంట తీసి నిల్వ చేస్తారు. చల్లదనం గుంటలోనే ఎక్కువ, కానీ ఒక్క అకాల వర్షం పడితే కథ ముగిసినట్టే. మన నల్లరేగడి నేలల్లో గుంట జోలికి పోకపోవడమే మంచిది.

టార్పాలిన్ కప్పొద్దు. వాన భయంతో కప్పాల్సివస్తే కుప్పకు తగలకుండా కర్రల మీద పందిరిలా కట్టండి. నేరుగా కప్పితే రాత్రి చెమట పట్టి కింద వరసలు కుళ్లిపోతాయి. మూడు నాలుగు రోజులకోసారి కుప్ప లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. లోపల చల్లగా తగిలితే సరే, వెచ్చగా తడిగా తగిలితే ఎక్కడో కుళ్లు మొదలైంది. ముక్కు కూడా చెబుతుంది. ఆ రోజే కుప్ప విప్పాలి, ఆదివారం కూలీలు దొరికాక అనుకుంటే కుదరదు.

గడ్డ తొలిచే పురుగు ఉన్న ప్రాంతాల్లో ఎండిన లంటానా ఆకు గానీ, జామాయిల్ ఆకు గానీ కుప్ప కింద, పైన అంగుళం మందాన పరచమని శాస్త్రవేత్తలు చెబుతారు. పొరుగున కర్ణాటక, మహారాష్ట్రల్లో ఈ పురుగు బాగా ఎక్కువ. తల్లి చిమ్మట కళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది, ఆకు పొర దాన్ని గడ్డ దాకా చేరనివ్వదు. తినే గడ్డ మీద పురుగుమందు పొడి చల్లడం మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు.

జహీరాబాద్ ప్రాంతం, చిత్తూరు జిల్లాలో పలమనేరు, వి.కోట వైపు ఎత్తు ప్రదేశాలు కావడంతో రాత్రులు కాస్త చల్లగా ఉంటాయి. అందుకే అక్కడ మార్చి మధ్య దాకా కుప్ప నెట్టుకొస్తుంది. ఏప్రిల్లో మాత్రం కుప్ప పెట్టడమంటే జూదమే.

కోల్డ్ స్టోరేజీ: ఒకటి కాదు, రెండు రకాలు

నాలుగు నెలలు దాటి ఆపాలంటే చలి గది తప్ప దారి లేదు. కానీ ఇక్కడే చాలామంది పొరబడేది: కోల్డ్ స్టోరేజీ అంటే అన్నీ ఒకటే అనుకోవడం.

మామూలు ఆలుగడ్డ కోల్డ్ స్టోరేజీ 2-4 డిగ్రీల దగ్గర, 90 శాతం పైగా తేమతో నడుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో లోపలికి పోయిన బస్తా అక్టోబరు, నవంబరు దాకా మొలక లేకుండా, బరువు పెద్దగా పోకుండా ఉంటుంది. ఏ మందూ అక్కర్లేదు. చిక్కల్లా తీపి. అంత చలిలో గడ్డలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారిపోతుంది. కూరలో అది అంతగా తెలియదు, ఆలూ కుర్మాలో అసలే తెలియదు. వేపుడు చేస్తే ముక్క లోపల ఉడక్కముందే పైన గోధుమరంగు దాటి నలుపు తిరుగుతుంది. చిప్స్ కొట్టువాళ్లు ఈ గడ్డను అందుకే ముట్టరు. బయటికి తీసి 15-20 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచితే తీపి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

రెండో రకం 10-12 డిగ్రీల గది. ఇక్కడ తీపి పెరగదు, కానీ ఆ వేడికి మొలక ఆగదు. దాన్ని ఆపడానికి క్లోర్‌ప్రోఫామ్ అనే మందును యంత్రంతో పొగలా చేసి గదంతా వదులుతారు. వ్యాపారులు సీఐపీసీ అంటారు. ఇది కణ విభజనను ఆపుతుంది, కాబట్టి కన్ను దగ్గర మొలక లేవదు. అదే కారణంగా గాయం మానడాన్నీ ఆపుతుంది. అందుకే నీడలో ఆరబెట్టి గాట్లు మానిన తర్వాతే పొగ పెట్టాలి, పచ్చి గాట్లున్న సరుకుకు పెడితే కుళ్లును పిలిచినట్టే. మార్కెట్లో షుగర్ ఫ్రీ ఆలూ పేరుతో కాస్త ఎక్కువకు అమ్మేది ఇలా నిల్వ చేసిన గడ్డనే. పేరు చూసి షుగర్ ఉన్నవాళ్లకు ప్రత్యేకమని కొనుక్కెళ్లేవాళ్లున్నారు. అలాంటిదేం లేదు, దాంట్లోనూ పిండిపదార్థం మామూలుగానే ఉంటుంది.

ఈ మందు మీద రెండు అభిప్రాయాలున్నాయి. 1950ల నుంచి ప్రపంచమంతా వాడింది. యూరోపియన్ యూనియన్ మాత్రం అది విరిగినప్పుడు మిగిలే అవశేషాల మీద సందేహాలు తీరక 2019లో అనుమతి పొడిగించలేదు, 2020 అక్టోబరు 8 తర్వాత అక్కడ వాడకం ఆగిపోయింది. మన దేశంలో, అమెరికాలో వాడుతూనే ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, చిప్స్ కంపెనీతో ముందే ఒప్పందం ఉన్నవాళ్లకు, కుఫ్రీ చిప్సోనా లాంటి రకం వేసినవాళ్లకు ఈ గది లాభం. కూరగడ్డకు ఇది అనవసరపు ఖర్చు. పొగ పెట్టడం స్టోరేజీ వాళ్ల పని, మోతాదు తెలిసిన మనిషి చేతిలోనే జరగాలి. మందు దొరికింది కదా అని ఇంటి పాకలో బస్తాల మీద పిచికారీ చేయడం తప్పు. గింజ విత్తనాలు గానీ, విత్తనపు గడ్డ గానీ ఆ గదిలో పెట్టొద్దు. మందు గోడలకు, పెట్టెలకు పట్టి ఉండిపోతుంది. ఒకసారి పొగ పెట్టిన గదిలో మరుసటి ఏడు విత్తనం పెట్టినా మొలక దెబ్బతినొచ్చు.

ఇక మన దగ్గరి అసలు సమస్య. తెలుగు రాష్ట్రాల్లో కోల్డ్ స్టోరేజీ అనగానే గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిర్చి గదులే. ఎలాగూ ఖాళీ ఉంది కదా, ఆలుగడ్డ పెడదామా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. మిర్చికి కావాల్సింది పొడి గాలి, ఆలుగడ్డకు కావాల్సింది తేమ గాలి. మిర్చి గదిలో ఆలుగడ్డ మొలకెత్తకపోవచ్చు, కానీ తోలు ముడుచుకుపోతుంది. పైగా మిర్చి ఎండిన సరుకు, ఊపిరి దాదాపు ఉండదు. ఆలుగడ్డ వదిలే వేడి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే ఏర్పాటు ఆ గదుల్లో ఉండాలని లేదు. ఘాటు పట్టే సంగతి సరేసరి. ఆలుగడ్డ కోసమే కట్టిన, లేదా తేమ పెంచే ఏర్పాటున్న గది దొరికితేనే పంపండి.

దొరికినా, బస్తాలు దించేముందు యజమానిని అడగాల్సినవి అడగండి. కరెంటు పోతే జనరేటర్ ఎంత సేపట్లో అందుకుంటుంది? తాజా గాలి రోజుకెన్నిసార్లు మార్చుతారు? మధ్యలో బస్తాలు కిందవి పైకి, పైవి కిందికి తిప్పుతారా? సరుకుకు బీమా ఉందా, రసీదు మీద బరువు రాస్తారా, బస్తాల లెక్క మాత్రమే రాస్తారా? ఈ చివరి ప్రశ్నకు తరుగు దగ్గర గొడవ వచ్చినప్పుడు విలువ తెలుస్తుంది. గడ్డను బయటికి తీసే రోజు కూడా జాగ్రత్త. నాలుగు డిగ్రీల గదిలోంచి ముప్పై అయిదు డిగ్రీల ఎండలోకి తెస్తే బస్తాకు చెమట పడుతుంది. ఆ తడితోనే లారీ ఎక్కిస్తే మార్కెట్ చేరేసరికి వాసన. ముందుగది ఉంటే ఒక రోజు అక్కడ, లేకపోతే నీడలో పరిచి ఫ్యాను గాలికి ఆరబెట్టి ఎక్కించండి.

మిగతా దారులు, క్లుప్తంగా

గామా కిరణాలు పెట్టించడం గురించి అప్పుడప్పుడూ పత్రికల్లో వస్తుంటుంది. మన ఆహార నిబంధనల్లో ఆలుగడ్డ, ఉల్లి లాంటి వాటికి మొలక నిరోధానికి 20 నుంచి 200 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) వరకు అనుమతి ఉంది. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో భాభా అణు పరిశోధన కేంద్రం 2002లో కృషక్ అనే కేంద్రం పెట్టింది, ప్రధానంగా ఉల్లి కోసం. గడ్డలో రేడియేషన్ మిగలదు, ఆ భయం అక్కర్లేదు. ఒకసారి పెట్టిస్తే మొలక మళ్లీ లేవదు, పదిహేను డిగ్రీల దగ్గర కూడా నిల్వ చేసుకోవచ్చు. కానీ గాయం మానే శక్తి కూడా పోతుంది, చల్లని గది ఎలాగూ కావాలి, లారీల్లో అక్కడిదాకా తీసుకెళ్లి తేవాలి. కిలో పది పన్నెండు రూపాయల సరుకుకు ఆ రవాణా గిట్టదు.

యూరప్‌లో క్లోర్‌ప్రోఫామ్ పోయాక పుదీనా జాతి నూనె, నారింజ నూనె, ఇథిలీన్ వాయువు, ఆలుగడ్డలోనే సహజంగా ఉండే డైమిథైల్‌నాఫ్తలీన్ అనే పదార్థం వాడుకలోకొచ్చాయి. నూనెలు లేచిన మొలక కొనను మాడ్చేస్తాయి, మొలకను రాకుండా ఆపవు, అందుకే పదేపదే పెట్టాలి. మూసిన గది, యంత్రాలు లేకుండా ఇవి పనిచేయవు. ఊళ్లో కుప్ప మీద లవంగ నూనె చల్లమని ఎవరైనా వీడియోలో చెబితే చూసి వదిలేయండి.

రూపాయల లెక్క

ఎంపికకు చివరి మాట చెప్పేది లెక్కే. ఉదాహరణకు ఇవాళ పొలం దగ్గర కిలో 12 రూపాయలు అనుకుందాం. కోల్డ్ స్టోరేజీలో ఆరు నెలలు పెడితే అద్దె 3 రూపాయలు, సంచి, హమాలీ, రవాణా కలిపి 1 రూపాయి. ఇప్పుడే అమ్మితే చేతికొచ్చే 12 రూపాయల మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ఆరు నెలలకు 1.44. మొత్తం 17.44. తరుగు నూటికి ఆరు కిలోలు అనుకుంటే అమ్మకానికి మిగిలేది 94 కిలోలే. 17.44ను 0.94తో భాగిస్తే 18.55. అంటే ఆగస్టులో కిలోకు 18.55 వస్తే మీకు వచ్చిన లాభం సున్నా. అంతకు పైన వచ్చేదే మిగులు.

అదే కుప్ప అయితే? ఒక నెలకు గడ్డి, కూలి అర్ధ రూపాయి, వడ్డీ పావలాకు కాస్త తక్కువ, మొత్తం 12.74. తరుగు 8 శాతమైతే 13.85 వస్తే చాలు. రెండు నెలలు ఆపితే కూలి ఇంకో 20 పైసలు, వడ్డీ ఇంకో 24 పైసలు కలిసి ఖర్చు 13.18కి చేరుతుంది, కానీ తరుగు 15 శాతానికి పోతుంది, అప్పుడు 15.50 రావాలి. చూడండి, రెండో నెల ఖర్చు పెరిగింది అర్ధ రూపాయి లోపే, రావాల్సిన రేటు మాత్రం రూపాయిన్నర పైగా పెరిగింది. తరుగు ఇలా దొంగదెబ్బ తీస్తుంది. మీ అద్దె, మీ వడ్డీ, మీ తరుగు వేసుకుని ఇదే లెక్క కట్టుకోండి. సంచిలో బరువు తూచి పెట్టి, నెల తర్వాత మళ్లీ తూస్తే మీ తరుగు ఎంతో మీకే తెలుస్తుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

హైదరాబాద్ మార్కెట్‌కు ఆగ్రా గడ్డ దాదాపు ఏడాది పొడుగునా వస్తుంది. మనం ఆరు నెలలు ఆపి పోటీపడేది, తరతరాలుగా ఇదే వ్యాపారంలో ఉన్న ఆగ్రా స్టోరేజీల సరుకుతో. అందుకే జహీరాబాద్ రైతుకు నా సలహా సూటిగా ఇది: తోలు ముదరని గడ్డ వెంటనే అమ్మండి. ముదిరిన గడ్డలో కొంత అప్పుడే అమ్మి, కొంత నెలా నెలన్నర కుప్పలో ఆపి, సంక్రాంతి తర్వాత ఒక్కసారే మార్కెట్ మీద పడే సరుకు తగ్గాక వదలండి. ఆరు నెలల ఆశ పెట్టుకోవాలంటే తగిన గది దగ్గర్లో ఉండాలి, తిరిగి తీర్చాల్సిన అప్పు తల మీద ఉండకూడదు. ఈ రెండింట్లో ఏది లోపించినా ఆ ఆశ వదిలేయడమే నయం.

విత్తనానికైతే లెక్క వేరు

విత్తనపు గడ్డకు మొలక శత్రువు కాదు, మనకు కావాల్సిందే మొలక, సమయానికి. 2-4 డిగ్రీల గది దీనికి సరైనది, తీపి పెరిగినా నష్టం లేదు. మన ప్రాంత రైతులు ఎక్కువగా జలంధర్, ఆగ్రా నుంచి విత్తనం తెప్పించుకోవడానికి కారణం చలి ఒక్కటే కాదు, ఇక్కడ పేనుబంక వల్ల తెగుళ్లు సోకి సొంత విత్తనం బలం తగ్గిపోవడం. వచ్చిన బస్తాలను అలాగే గోడకు పేర్చి ఉంచొద్దు. నాటడానికి పది పదిహేను రోజుల ముందు విప్పి, ఎండ పడని వెలుతురులో ఒకటి రెండు వరసలుగా పరవండి. చీకట్లో లేచే మొలక తెల్లగా, సన్నగా, పొడుగ్గా వచ్చి చెయ్యి తగిలితే విరిగిపోతుంది. వెలుతురులో లేచేది పొట్టిగా, లావుగా, ఆకుపచ్చ లేదా ఊదా రంగులో గట్టిగా ఉంటుంది. కొనలో ఒకే ఒక మొలక లేస్తే దాన్ని తుంచేయండి, పక్క కళ్లన్నీ మేలుకుంటాయి. విత్తనపు గడ్డ పచ్చబారినా పర్వాలేదు, తినేది కాదు కదా.

ఇంట్లో

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ వంటింట్లో బస్తా ఆలుగడ్డ కొనడం చవక బేరం కాదు. వారం పది రోజులకు సరిపడా కొనుక్కోండి. ఫిబ్రవరిలో అయితే పది కిలోలు తెచ్చుకున్నా నడుస్తుంది. కొనేటప్పుడు తోలు, కన్ను చూడండి: కళ్ల దగ్గర తెల్ల చుక్కలు లేచి ఉంటే ఆ వారంలోనే వాడేయాలి.

ప్లాస్టిక్ కవర్లోంచి వెంటనే తీసేయండి. కడగొద్దు. చీకటిగా, గాలి ఆడే చోట, స్టవ్‌కు, ఫ్రిజ్ వెనక వేడికి దూరంగా, గోనెసంచిలోనో వెదురు బుట్టలోనో నేల మీద పెట్టండి. ఉల్లిపాయలతో కలపొద్దు. ఉల్లికి పొడి గాలి కావాలి, గడ్డ వదిలే తేమకు ఉల్లి మెత్తబడుతుంది, కుళ్లిన ఉల్లి గడ్డనూ చెడగొడుతుంది. బుట్టలో ఆపిల్ పెడితే మొలక రాదనే చిట్కా మీద నాకు నమ్మకం లేదు. ఆపిల్ వదిలే ఇథిలీన్ నిరంతరం, కొలత ప్రకారం ఉంటేనే మొలక పొడుగు తగ్గుతుంది. కొద్దిసేపు తగిలితే నిద్ర చెడి మొలక తొందరపడొచ్చు కూడా.

ఫ్రిజ్ విషయంలో సలహా మారింది. చలికి చక్కెర పెరిగి, వేయించినప్పుడు అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఎక్కువవుతుందని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఒకప్పుడు వద్దనేది. 2023లో ఆ సలహా సవరించి, ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చంది. మన ఎండాకాలానికి ఇది పనికొచ్చే మాటే. కూర, సాంబారు, మసాలా దోశ కోసమైతే ఫ్రిజ్‌లో కింది అరలో గుడ్డ సంచిలో పెట్టండి. వేపుడు, చిప్స్ కోసమైతే బయటి గడ్డే వాడండి. అమెరికాలో ఉన్నవాళ్లకు బేస్‌మెంట్ ఉంటే అసలు ఫ్రిజ్ గొడవే లేదు, చలికాలంలో గడ్డకట్టే చలి తగలకుండా చూసుకుంటే చాలు.

మొలకెత్తిన గడ్డ తినొచ్చా? గడ్డ గట్టిగా ఉండి మొలక చిన్నదైతే, మొలకను కన్నుతో సహా లోతుగా తవ్వి తీసేసి వండుకోవచ్చు. ముడతలు పడి మెత్తబడి పొడుగు మొలకలుంటే పారేయండి. పచ్చబారితే మరింత జాగ్రత్త. ఆ పచ్చరంగు ఆకుల్లో ఉండేదే, దానివల్ల హాని లేదు. కానీ వెలుతురు పడిన చోట సొలనిన్, చాకొనిన్ అనే విషపదార్థాలు కూడా పెరుగుతాయి, అవి ఉడికించినా వేయించినా పోవు. ఎక్కువ భాగం తోలులో, దాని కిందే ఉంటాయి కాబట్టి కొద్దిగా పచ్చ ఉంటే ఆ మేరకు మందంగా చెక్కేయండి. సగం గడ్డ పచ్చగా ఉంటే అవతల పడేయండి. వండాక చేదుగా తగిలినా, నాలుక మంట అనిపించినా ఆ కూర ఎవరికీ పెట్టొద్దు, పిల్లలకు అసలే వద్దు.

ఏరినప్పుడు పక్కన పెట్టిన గడ్డల్లో కుళ్లు, పచ్చదనం లేకుండా గాటు మాత్రమే ఉన్నవి వృథా కావు, ఎండు చిప్స్ చేసుకోవచ్చు. తోలు తీసి పలచగా కోసి, నీళ్లలో రెండుసార్లు జాడించి, ఉప్పు వేసి మరుగుతున్న నీళ్లలో ముక్క పారదర్శకంగా మారేదాకా రెండు మూడు నిమిషాలు ఉంచి, గుడ్డ మీద మేడపైన ఎండబెట్టండి. మార్చి ఎండకు రెండు మూడు రోజుల్లో గలగలలాడతాయి. ముక్క వంగకుండా పుటుక్కున విరిగితేనే డబ్బాలో పోయాలి, వంగితే ఇంకో ఎండ.